కాంతి తరంగం ఓడిపోలేదు

మా బరంపురంలో ప్లస్ టూ చదివే పిల్లలకి నేను ఫిజిక్సు ట్యూషన్ చెబుతాను. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, చేతిలో ఇంగ్లీషు పుస్తకం. ఏ భాషలో అడిగినా కాంతి గురించి అందరూ ఒకటే కథ అప్పజెబుతారు. న్యూటన్ కణాలన్నాడు, యంగ్ తరంగమని రుజువు చేశాడు, ఫోటోఎలక్ట్రిక్ ఎఫెక్ట్ (వెలుగు తగిలి లోహం నుంచి ఎలక్ట్రాన్లు ఊడిరావడం) దగ్గర తరంగ సిద్ధాంతం చతికిలబడింది, ఐన్‌స్టీన్ వచ్చి మళ్ళీ కణమన్నాడు, ఆఖరికి రెండూ నిజమేనని పెద్దలు రాజీ కుదిర్చారు. మార్కులు రావడానికి ఈ కథ చాలు. కానీ జరిగింది ఇలా కాదు. ఏ ప్రయోగం ఏం తేల్చిందో, ఏం తేల్చలేదో ఈ కథ కలగాపులగం చేసేస్తుంది. దాంతో పిల్లలకి చరిత్రతో పాటు ఫిజిక్సు కూడా వంకరగా ఎక్కుతోంది. నేను చెప్పదలచుకున్నది ఒకటే: తరంగం ఓడిపోలేదు. క్వాంటం సిద్ధాంతం దాన్ని పక్కకి తోసి కూర్చోలేదు, దాని లోపలికే వెళ్ళి దాన్ని మార్చింది.

ముందు ఆ తరంగానికి ఎంత బలముందో చూడాలి. 1818లో ఫ్రెంచ్ అకాడెమీ పెట్టిన పోటీకి ఫ్రెనెల్ తన తరంగ లెక్కలు పంపాడు. న్యాయనిర్ణేతల్లో ఒకడైన ప్వాసోన్ కణాల పక్షం. ఫ్రెనెల్ లెక్కల్నే తీసుకుని ఆయన ఒక వింత ఫలితం బయటికి లాగాడు: గుండ్రటి బిళ్ళకి ఎదురుగా దీపం పెడితే దాని నీడకి సరిగ్గా నడిమధ్యన వెలుగు చుక్క రావాలి. ఇంత అసంబద్ధం జరగదు కాబట్టి సిద్ధాంతమే తప్పని ఆయన వాదన. అరాగో ప్రయోగం చేసి చూశాడు. చుక్క ఉంది.

దీన్ని నేను క్లాసులో చేసి చూపిస్తాను. సైకిలు షాపులో దొరికే బేరింగు బాల్ ఒకటి గాజు పలకకి జిగురుతో అంటించాలి. లేజర్ పాయింటర్ ముందు చిన్న లెన్సు పెట్టి వెలుగుని కాస్త వెడల్పు చేసి దాని మీద పడనివ్వాలి. తలుపులు మూసి, గది ఆ చివర గోడ మీద పడ్డ నీడ దగ్గరికి పిల్లల్ని వెళ్ళమంటాను. నల్లటి గుండ్రం నట్టనడుమ ఆవగింజంత ఎర్ర చుక్క. బాల్‌కి కన్నం లేదు. అంచు చుట్టూ అన్ని వైపుల నుంచీ ఒంగి వచ్చిన వెలుగు, అక్కడికి సరిగ్గా ఒకే దూరం నడిచింది కాబట్టి ఒకే లయలో కలిసింది. నీడలో ఇంకెక్కడా ఆ కలయిక అంత పక్కాగా కుదరదు. 1905లో ఐన్‌స్టీన్ వ్యాసం వచ్చాక గానీ, 1925లో కాంతి వాటాలు ప్రయోగంలో తేలాక గానీ ఈ చుక్క ఎక్కడికీ పోలేదు. కాంతి ఇక కణమే అనేవాళ్ళు ముందు దీనికి జవాబు చెప్పాలి.

ఆ తర్వాతి కథ పిల్లలకి బాగానే తెలుసు. 1850లో ఫూకో నీటిలో కాంతి వేగం గాలిలో కన్నా తక్కువని కొలిచి చూపించాడు, న్యూటన్ కణాల లెక్క దీనికి ఉల్టా చెప్పేది. 1865లో మాక్స్‌వెల్ సమీకరణాలు కాంతిని విద్యుదయస్కాంత తరంగం చేశాయి. 1887లో హెర్ట్జ్ ఆ తరంగాల్ని ప్రయోగశాలలో పుట్టించడం మొదలుపెట్టాడు. ఆ ప్రయోగాల్లోనే ఆయనకి ఇంకోటి కూడా కంటపడింది: అతినీలలోహిత కాంతి తగిలితే రెండు లోహపు గుండ్ల మధ్య నిప్పురవ్వ సులువుగా దూకుతోంది. ఫోటోఎలక్ట్రిక్ ఎఫెక్ట్‌కి అదే తొలి చూపు. తరంగానికి పట్టం కట్టిన బల్ల మీదే దాని తర్వాతి చిక్కు కూడా పుట్టింది. కాకపోతే గోడకి మొదటి బీట పడింది అక్కడ కాదు, వేడి దగ్గర.

రాయగడ పక్కన తేరుబలిలో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం ఉంది. అక్కడ పనిచేసే ఒకాయన కూతురు నా దగ్గర చదువుకుంది. ఫర్నేసు ట్యాపింగ్ చేసేటప్పుడు కరిగిన లోహం రంగు చూసి, వేడి సరిపోయిందో లేదో నాన్న చెప్పేస్తాడని ఆ అమ్మాయి గర్వంగా అంటుండేది. కమ్మరి కొలిమి దగ్గరా ఇదే విద్య. ముందు మసక ఎరుపు, తర్వాత నారింజ, తర్వాత పసుపు తెలుపు. ఇక్కడ ఆశ్చర్యమేమిటంటే, మూసిన కొలిమి లోపల ఒకే వేడి దగ్గర ఇనుమైనా ఇటుకైనా ఒకేలా వెలుగుతాయి. పదార్థంతో పనిలేదు, వేడితోనే పని. 1859లో కిర్కాఫ్ దీన్ని సూత్రంగా చెప్పి, ఆ వెలుగులో ఏ రంగు ఎంత పాలుంటుందో చెప్పే ఫార్ములా కనుక్కోవడం భౌతికశాస్త్రం ముందున్న పెద్ద పని అన్నాడు. 1,600 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ వెలుగు శిఖరం ఒకటిన్నర మైక్రాన్ తరంగదైర్ఘ్యం చుట్టుపక్కల ఉంటుంది. మన కన్ను 0.7 మైక్రాన్ దగ్గరే ఆగిపోతుంది. అంటే ట్యాపింగ్ దగ్గర కళ్ళు చెదిరే ఆ వెలుగంతా అసలు ప్రసారంలో ఒక చిన్న తోక. మిగతాదంతా పరారుణం, మొహానికి సెగగా తగులుతుంది.

ఆ ఫార్ములా కోసం గట్టిగా పట్టుబట్టింది బెర్లిన్‌లోని ప్రభుత్వ కొలతల సంస్థ. విద్యుద్దీపాల పరిశ్రమకి వెలుగుని కొలిచే ప్రమాణం కావాల్సి వచ్చింది. 1896లో వీన్ ఒక ఫార్ములా ఇచ్చాడు, అది కంటికి కనిపించే వైపు బాగా కుదిరింది. 1900లో రూబెన్స్, కుర్ల్‌బామ్ చాలా పొడుగు తరంగాల వైపు, అంటే పరారుణంలో లోతుకి వెళ్ళి కొలిచారు. అక్కడ వీన్ ఫార్ములా బెడిసికొట్టింది. అక్టోబరు 7న, ఆదివారం, రూబెన్స్ దంపతులు ప్లాంక్ ఇంటికి వెళ్ళారు. ఆ దిశలో వెలుగు తీవ్రత వేడికి నేరు అనుపాతంలో పెరుగుతోందని రూబెన్స్ మాటల్లో చెప్పాడు. ఆ సాయంత్రానికే ప్లాంక్ రెండు వైపులా కుదిరే కొత్త ఫార్ములా రాశాడు. అక్టోబరు 19న దాన్ని సభ ముందు పెట్టాడు. అది ఎందుకు పనిచేస్తోందో చెప్పడానికి తర్వాత కొన్ని వారాలు తల బద్దలు కొట్టుకుని, డిసెంబరు 14న కారణం ఇచ్చాడు: కొలిమి గోడల్లోని డోలకాల, అంటే ఊగే రేణువుల, శక్తిని చిన్న చిన్న వాటాలుగా లెక్కపెట్టాలి, ఒక్కో వాటా ఫ్రీక్వెన్సీని h అనే స్థిరాంకంతో గుణిస్తే వచ్చేంత. ఆ h విలువ 2019 నుంచి ఖచ్చితంగా 6.62607015 × 10⁻³⁴ జౌల్ సెకన్లని నిర్వచించారు. ప్లాంక్ తన తొలి లెక్కలోనే దీనికి ఒకటిన్నర శాతం లోపు వచ్చేశాడు.

పుస్తకాల్లో ఇక్కడే పెద్ద పొరపాటు దొర్లుతుంది. పాత తరంగ సిద్ధాంతం ప్రకారం అతినీలలోహితం వైపు శక్తి అనంతమైపోతుందనీ, ఆ ‘అతినీలలోహిత ఉత్పాతం’ నుంచి గట్టెక్కడానికే ప్లాంక్ క్వాంటాన్ని, అంటే ఈ శక్తి వాటాని, తెచ్చాడనీ రాస్తారు. ఆ పేరు ఎహ్రెన్‌ఫెస్ట్ పెట్టింది 1911లో. రేలీ, జీన్స్ ఆ లెక్కని పూర్తి రూపంలో తేల్చింది 1905లో. ప్లాంక్‌ని కదిపిన గొడవ ఊదా రంగుకి అవతల లేదు, ఎరుపుకి అవతల ఉంది. ఇంకోటి, ఆయన వాటాలు వేసింది గోడల్లోని డోలకాలకి. గోడల మధ్య ఉన్న కాంతి ఆయన దృష్టిలో ఇంకా మాక్స్‌వెల్ తరంగమే. విప్లవం తేవాలని ఆయన అనుకోనేలేదు. అప్పట్లో తాను చేసింది గత్యంతరం లేక చేసిన పని అని 1931లో ఒక లేఖలో ఆయనే రాసుకున్నాడు. కొలిచిన వక్రరేఖ ముందు తలవంచాడు, అంతే. ఈ నిజాయితీ పిల్లలకి చెప్పకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

కాంతినే ముక్కలు చేసినవాడు ఐన్‌స్టీన్. 1905 మార్చిలో, బెర్న్ పేటెంట్ ఆఫీసులో గుమాస్తాగా ఉంటూ రాసిన వ్యాసంలో తొమ్మిది భాగాలున్నాయి. ఫోటోఎలక్ట్రిక్ ఎఫెక్ట్ వచ్చేది ఎనిమిదో భాగంలో. అసలు వాదన అంతకు ముందే అయిపోయింది, అది మన పుస్తకాల్లో మచ్చుకైనా లేదు. అదేమిటో చెబుతాను, కష్టమేమీ కాదు.

ఒక పెట్టెలో n గాలి అణువులున్నాయి. అవన్నీ ఒకానొక క్షణాన పెట్టెలో ఎడమ సగంలోనే ఉండే అవకాశం ఎంత? ఒక్కోదానికి సగం, మొత్తానికి సగాన్ని n సార్లు గుణించాలి. ఇప్పుడు పెట్టెలో గాలి బదులు E శక్తి ఉన్న కాంతి నింపండి. అంతా ఎడమ సగంలోకి వచ్చే అవకాశం ఎంత? వీన్ ఫార్ములా నుంచి కాంతి ఎంట్రపీ (ఎంత చెల్లాచెదురుగా ఉందో చెప్పే కొలత) లెక్కగట్టి చూస్తే జవాబు అచ్చం అదే రూపంలో వచ్చింది, n ఉండాల్సిన చోట E ని hν తో (ν అంటే ఫ్రీక్వెన్సీ) భాగించిన సంఖ్య కూర్చుంది. అంటే, ఈ వైపు కాంతి ఒకదానితో ఒకటి సంబంధం లేని hν ముద్దల్లా నడుచుకుంటోంది. ఏ లోహాన్నీ తాకకుండా, ఏ ఎలక్ట్రాన్నీ ఊడబెరకకుండా, ఒట్టి ఉష్ణగతిక శాస్త్రంతో ఆయన ఇంత దూరం వచ్చాడు. ఆ తర్వాతే, ఇది నిజమైతే లోహం మీద వెలుగు పడినప్పుడు ఏం జరగాలో చెప్పాడు: వెలుగు ఫ్రీక్వెన్సీ పెరిగిన కొద్దీ, ఊడివచ్చే ఎలక్ట్రాన్ శక్తి సరళరేఖలో పెరగాలి. ఆయన గీసిన ఆ సరళరేఖని పరీక్షించడానికి అప్పటికి సరైన కొలతలే లేవు.

వెలుగు ముద్దలుగా పనిచేస్తుందన్న సంగతి లోహపు పలక కన్నా ముందు నాకు తెలిసింది డార్క్ రూమ్‌లో. బడా బజారు దగ్గర మా మేనమామకి ఫోటో స్టూడియో ఉండేది. లోపలి గదిలో ఎర్ర బల్బు కింద ఎన్లార్జర్, పక్కన మూడు ట్రేలు: డెవలపర్, నీళ్ళు, హైపో. బ్రోమైడ్ పేపరు డెవలపర్‌లో వేసి చిమటాతో అటూ ఇటూ కదుపుతుంటే ముందు జుట్టు, తర్వాత కళ్ళు, ఆఖరున చొక్కా మడతలు పైకి తేలేవి. ఒకసారి అడిగాను, ‘మామయ్యా, ఇంత గుడ్డి వెలుగెందుకు, పెద్ద ఎర్ర బల్బు పెట్టొచ్చు కదా’ అని. ‘ఎర్రదైతే పెద్దదైనా పర్లేదురా. తలుపు సందులోంచి కూసింత పగలు పడిందా, పేపరు పెట్టంతా నల్లగా అయిపోద్ది’ అన్నాడు.

ఇందులో ఉన్న ఫిజిక్సు చూడండి. పేపరు మీది సిల్వర్ బ్రోమైడ్ రేణువులో ఎలక్ట్రాన్ కదలాలంటే దాదాపు 2.6 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఒక్క దెబ్బలో అందాలి. 450 నానోమీటర్ల నీలి కాంతి ఒక వాటా 2.76. 650 నానోమీటర్ల ఎరుపు వాటా 1.91 మాత్రమే. ఒక వాట్ ఎర్రటి వెలుగులో సెకనుకి మూడు పక్కన పద్దెనిమిది సున్నాలు పెట్టినన్ని వాటాలుంటాయి. అన్నీ కలిపితే బోలెడు శక్తి. అయినా ఏ ఒక్కటీ గడప దాటలేదు. తలుపు సందులోంచి వచ్చిన పగటి వెలుగులో మొత్తం శక్తి కొంచెమే, కానీ అందులోని ఒక్కో నీలి వాటా గడప దాటే సైజుది. ఒట్టి తరంగమైతే ఎరుపు కాంతిని ఎక్కువ చేసిన కొద్దీ, లేదా ఎక్కువసేపు ఉంచిన కొద్దీ, ఎప్పుడో ఒకప్పుడు పేపరు పాడవ్వాలి. నిజమే, పాత పేపరు గానీ నాసిరకం ఫిల్టర్ గానీ అయితే మామయ్య పేపరూ మసకబారేది. ఫిల్టర్ మంచిదైతే గంటలు గడిచినా చెక్కుచెదరలేదు.

మరి ఐన్‌స్టీన్ మాటని ఎవరు నమ్మారు? దాదాపు ఎవరూ నమ్మలేదు. 1913లో ఆయన్ని ప్రష్యన్ అకాడెమీలోకి తీసుకొమ్మని సిఫారసు రాసిన ప్లాంక్, నెర్న్‌స్ట్, రూబెన్స్, వార్‌బుర్గ్ ఎంతో మెచ్చుకుంటూనే, కాంతి క్వాంటాల ఊహలో గురి తప్పినా దాన్ని పెద్ద లోపంగా పట్టించుకోవద్దన్నారు. చికాగోలో మిలికన్ ఏళ్ళ తరబడి పనిచేసి, గాలి తీసేసిన గాజు బుడ్డి లోపలే సోడియం, లిథియం ముక్కల పైపొరని కత్తితో చెక్కి శుభ్రం చేస్తూ కొలిచాడు. 1916లో ఐన్‌స్టీన్ సరళరేఖ అక్షరాలా వచ్చింది, దాని వాలు నుంచి h విలువ 6.57 × 10⁻³⁴ తేలింది. అదే ఏడాది అదే మిలికన్, సమీకరణం సరైనదే గానీ దాని వెనకున్న కాంతి ముద్దల ఊహ నిలబడేది కాదని రాశాడు. 1921 నోబెల్ బహుమతిని 1922లో ఐన్‌స్టీన్‌కి ప్రకటించినప్పుడు కూడా ఫోటోఎలక్ట్రిక్ నియమం కనుక్కున్నందుకని అన్నారు, కాంతి క్వాంటాలని అనలేదు.

వాళ్ళు మొండివాళ్ళని పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వను. ఎందుకంటే ఆ అనుమానంలో పస ఉంది. ఎలక్ట్రాన్లకి, పరమాణువులకి క్వాంటం నియమాలు పెట్టి, కాంతిని మాత్రం పాత మాక్స్‌వెల్ తరంగంగానే ఉంచి లెక్క చేసినా ఫోటోఎలక్ట్రిక్ సమీకరణం వచ్చేస్తుంది. గడప వస్తుంది, సరళరేఖ వస్తుంది. 1960ల చివర్లో లాంబ్, స్కలీ దీన్ని వివరంగా చేసి చూపించారు. అంటే మన ప్లస్ టూ పుస్తకం ఏ సాక్షి మాట మీద తరంగానికి శిక్ష వేస్తోందో, ఆ సాక్ష్యం ఒక్కటే చాలదు.

‘మరి ఆలస్యం సంగతో సార్’ అని చురుకైనవాళ్ళు అడుగుతారు. సరైన ప్రశ్న. చదరపు మీటరుకి వాట్‌లో పదిలక్షల వంతు వెలుగు పడుతోందనుకోండి. పరమాణువంత జాగాలో రెండు ఎలక్ట్రాన్ వోల్టులు పోగవ్వడానికి తరంగం లెక్కన ఏడాది పడుతుంది. నిజంగా ఎలక్ట్రాన్ వెంటనే వచ్చేస్తుంది. కాంతిని తరంగంగా ఉంచేసిన లెక్కలోనూ ఎలక్ట్రాన్ వెంటనే బయటపడవచ్చు, కానీ దానికో మూల్యం ఉంది: ఒక్కో సంఘటనలో శక్తి లెక్క సరిపోదు, సగటున మాత్రమే సరిపోతుంది. ఆ మూల్యం చెల్లించడానికి 1924లో ఒక మహామేధావి సిద్ధపడ్డాడు కూడా. ఆయన నీల్స్ బోర్.

అప్పటికి కాంప్టన్ ప్రయోగం వచ్చేసింది. 1922, 23ల్లో ఆయన గ్రాఫైట్ మీదికి ఎక్స్ కిరణాలు పంపాడు. చెదిరి వచ్చిన కిరణాల తరంగదైర్ఘ్యం పెరిగింది, తొంభై డిగ్రీల దగ్గర 0.0024 నానోమీటర్లు. రెండు గుండ్లు ఢీకొన్నట్టు శక్తికీ ద్రవ్యవేగానికీ లెక్క రాస్తే సరిగ్గా అంతే వస్తుంది. అయినా బోర్, క్రామర్స్, స్లేటర్ తరంగాన్ని కాపాడటానికి ఒక దారి వెతికారు: శక్తి నిత్యత్వం ఒక్కో సంఘటనకి వర్తించదు, గుంపు మీద సగటుగానే నిజం. ఇది తేల్చడం ఎలా? బెర్లిన్‌లో బోథే, గైగర్ రెండు కౌంటర్లని ఎదురెదురుగా పెట్టి మధ్యలోంచి హైడ్రోజన్‌లోకి ఎక్స్ కిరణాలు పంపారు. ఒకటి ఎగిరిపోయిన ఎలక్ట్రాన్ని పట్టాలి, రెండోది చెదిరిన కాంతి వాటాని పట్టాలి. బోర్ చెప్పింది నిజమైతే రెండూ ఒకేసారి మోగడం కాకతాళీయమే అవ్వాలి. 1925లో ఫలితం వచ్చింది. సెకనులో వెయ్యో వంతు తేడా లోపల అవి జంటగా మోగుతున్నాయి, కాకతాళీయంగా వచ్చేదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా. ఒక్కో ఢీకీ శక్తి లెక్క అక్కడికక్కడే సరిపోతోంది. బోర్ వెంటనే ఒప్పుకున్నాడు. కాంతి వాటాలకి ఊళ్ళోకి అనుమతి దొరికింది ఆ రోజు, ఐన్‌స్టీన్ వ్యాసం వచ్చిన ఇరవై ఏళ్ళకి. ఈ ప్రయోగం పేరు మన పిల్లల్లో ఒక్కరికీ తెలియదు.

ఈ మధ్యలో ఢాకా నుంచి ఒక ఉత్తరం వెళ్ళింది. 1924లో సత్యేంద్రనాథ్ బోస్ ప్లాంక్ ఫార్ములాని కాంతి క్వాంటాలని లెక్కపెట్టడం ద్వారానే సాధించి ఐన్‌స్టీన్‌కి పంపాడు. అంతవరకూ ఆ ఫార్ములాలో ఒక భాగాన్ని పాత తరంగ సిద్ధాంతం నుంచి అప్పు తెచ్చుకోవాల్సి వచ్చేది. బోస్ ఆ అప్పు తీర్చేశాడు. ఒకదానికొకటి తేడా తెలియని వాటాలుగా లెక్కపెట్టడమే ఆయన కిటుకు. అయితే లెక్కలో రెండుతో గుణించాల్సి వచ్చింది, ఆ రెండు ఎక్కడిదన్న ప్రశ్న మిగిలింది. 1931లో రామన్, అప్పటి కృష్ణా జిల్లా అగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం కలిసి, అణువుల మీద చెదిరిన కాంతిని పరిశీలించి, కాంతి వాటాకి, అంటే ఫోటాన్‌కి స్పిన్, అంటే రెండే తీరుల్లో ఉండగల ఒక రకం తిరుగుడు గుణం, ఉందనడానికి ప్రయోగ సాక్ష్యం చూపించారు. రామన్ బాల్యం చాలావరకు విశాఖపట్నంలో గడిచింది, భగవంతం తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పారు. 1936 దాకా మా గంజాం కూడా వాళ్ళున్న మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఇక్కడి తెలుగు పిల్లలకి ఈ పేర్లు పరాయివి అవ్వాల్సిన అవసరం లేదు. వాళ్ళ పాఠంలో ఈ ఇద్దరూ ఉండాలని నేను గట్టిగా అంటాను.

ఇంతకీ తరంగం ఏమైంది? 1927లో డిరాక్ దాన్ని తీసి పారేయలేదు, దానికే క్వాంటం నియమం పెట్టాడు. పెట్టెలో ఉన్న మాక్స్‌వెల్ తరంగాన్ని విడదీస్తే ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఒక్కో డోలకం దొరుకుతుంది. ప్రతి డోలకం శక్తీ hν చొప్పున మెట్లు మెట్లుగా పెరుగుతుంది. ఒక మెట్టు ఎక్కితే ఒక ఫోటాన్ వచ్చినట్టు, దిగితే పోయినట్టు. తరంగం ఏ ఆకారంలో వ్యాపించి ఉందో మాక్స్‌వెల్ సమీకరణాలే చెబుతాయి. ఆ ఆకారంలో ఎన్ని మెట్ల శక్తి ఉందో క్వాంటం సిద్ధాంతం చెబుతుంది. ఫోటాన్ అంటే గాలిలో ఎగిరే ఇసుక రేణువు కాదు, తరంగపు ఒక మెట్టు.

ఇలా చూస్తే 1909లో కేంబ్రిడ్జ్‌కి చెందిన జి.ఐ. టేలర్ చేసింది వింతగా అనిపించదు. గ్యాసు దీపానికి మసి పట్టించిన గాజు పలకలు అడ్డుపెట్టి, మైలు అవతల వెలిగే కొవ్వొత్తి అంత మసకగా వెలుగుని తగ్గించి, సూది నీడని దాదాపు మూడు నెలల పాటు ఫోటో ప్లేటు మీద పడనిచ్చాడు. గట్టి వెలుగులో తరంగాలు కలిసి సూది నీడ దగ్గర కట్టే వెలుగు చీకటి చారలే ఇక్కడా వచ్చాయి, తేడా లేదు. 1986లో ఫ్రాన్సులో గ్రాంజియే, రోజే, ఆస్పే కాల్షియం పరమాణువుల నుంచి నిజంగా ఒక్కొక్కటిగా ఫోటాన్లు వదిలారు. సగం వెండి పూసిన అద్దానికి రెండు వైపులా డిటెక్టర్లు పెడితే ఒక్కో ఫోటాన్‌కి ఒకటే మోగింది, రెండూ కలిసి మోగడం దాదాపు లేదు. మెట్టు సగానికి చీలదు. డిటెక్టర్లు తీసేసి రెండు దారుల్నీ మళ్ళీ కలిపితే, అవే ఒంటరి ఫోటాన్లు చక్కటి వ్యతికరణ చారలు కట్టాయి. తరంగం రెండు దారులా వ్యాపించింది.

ఇది వినగానే ‘అయితే ఫోటాన్ ఏ దారిన వెళ్ళింది సార్’ అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. దారి తెలిసేలా అమరిక చేస్తే చారలు పోతాయి, చారలు కావాలంటే దారి తెలిసే ఏర్పాటు ఎక్కడా ఉండకూడదు, ప్రయోగం చెప్పేది అంతవరకే. రెండు దారుల తరంగాలూ కలిసి తీవ్రతని నిర్ణయిస్తాయి, ఆ తీవ్రత ఎక్కడ మెట్టు దొరికే అవకాశం ఎంతో నిర్ణయిస్తుంది. దీనికి కావాల్సిన సరళ హరాత్మక డోలకం మన పిల్లలు ప్లస్ టూ మొదటి ఏడాదిలోనే చదివేస్తారు. రెండో ఏడాది కాంతి అధ్యాయంలో దాన్ని మళ్ళీ తెరిచి, శక్తి మెట్లు గీసి, పక్కనే బోథే, గైగర్ రెండు కౌంటర్ల బొమ్మ వేయడానికి రెండు పేజీలు చాలు. సిలబస్ కమిటీలు ఆ రెండు పేజీలు ఇవ్వాలి. ఇచ్చేదాకా నా క్లాసులో బోర్డు మీద నేనే గీస్తాను.